జోకులు వేయనివ్వండి, మాత్ర మాత్రం తప్పనివ్వకండి

అక్కా, బావగారు హెపటైటిస్ సి (కాలేయానికి వచ్చే వైరస్ జబ్బు) మందులు వాడుతూ కూడా అన్నిటికీ జోకులేస్తున్నారని, సీరియస్‌గా తీసుకోవట్లేదేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. వేయనివ్వండి. మా నాన్న ఇదే జబ్బుకి ఇంటర్‌ఫెరాన్ అనే పాత మందు వాడే రోజుల్లో, వారం వారం ఇంజెక్షన్ చేయించుకుని దుప్పటి కింద వణుకుతూ "టికెట్ లేకుండానే సిమ్లా చూస్తున్నా" అనేవారు, 48 వారాల కోర్సు అలాగే లాగించారు. ఇప్పుడు సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిపిన మాత్ర చాలామందికి 12 వారాలే. రోజూ వేసుకుంటున్నారా లేదా, అది చూసుకోండి చాలు. గ్యాస్ మాత్రలు సొంతంగా వేసుకుంటే ఈ మందు సరిగా ఒంటబట్టదు, ముందు డాక్టర్ని అడగాలి. అత్తగారు కంచం, గ్లాసు వేరు పెట్టారన్నారు, అనవసరం, కలిసి తింటే ఇది అంటదు. రక్తం ద్వారా అంటుతుంది కాబట్టి రేజరు, బ్రష్షు, నెయిల్ కట్టర్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. కోర్సు అయిన 12 వారాలకు వైరల్ లోడ్ టెస్టు (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది) తప్పకుండా చేయించండి.