గాలి లేని లారీ ఎందుకు కదలదు?

ప్రశ్న: మాది రావులపాలెం. అరటి గెలలు తోలే లారీ ఒకటి ఉంది. తెల్లవారుజామున బండి స్టార్ట్ చేశాక గాలి పట్టి, బజర్ ఆగేదాకా మా డ్రైవరు కదలనివ్వడు. గాలి లేకపోతే బ్రేకు పడదంటారు కదా, మరి గాలి లేనప్పుడే బండి బిగుసుకుపోయి ఉంటుందేం? రాత్రి నిండుగా ఉన్న గాలి తెల్లారేసరికి ఏమవుతోంది?

జవాబు: మీ డ్రైవరును తొందరపెట్టకండి, ఆయన చేస్తున్నదే సరైన పని. లారీలో గాలి ఒకచోట బ్రేకు వేస్తుంది, మరొకచోట బ్రేకు వదిలిస్తుంది. ఇంజనుతోపాటు తిరిగే కంప్రెసర్ ట్యాంకుల్లో నింపిన గాలి, పెడల్ తొక్కగానే చక్రం దగ్గరి చాంబరులోకి వెళ్ళి రబ్బరు పొరను (డయాఫ్రమ్) తోస్తుంది. దాని వైశాల్యం 30 చదరపు అంగుళాలు, ఒత్తిడి చదరపు అంగుళానికి 100 పౌన్లు అనుకుంటే, ఆ తోపు 3000 పౌన్లు, అంటే సుమారు 1360 కిలోలు. ఆ తోపుకు స్లాక్ అడ్జస్టర్ అనే మీట తిరిగి, ఎస్ ఆకారపు క్యామ్ బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతుంది. డ్రైవరు కాలు చేసేదల్లా వాల్వు తెరవడమే.

హ్యాండ్ బ్రేకు తీరు దీనికి సరిగ్గా తలకిందులు. వెనక చక్రాల చాంబరుల్లో ఉండే బలమైన స్ప్రింగు తనంతట తానే బ్రేకు పట్టి ఉంచుతుంది. గాలి వచ్చి దాన్ని అణచిపెడితేనే చక్రం వదులవుతుంది. గాలి పోతే బ్రేకు పడాలన్న ఈ ఆలోచన మొదట రైళ్ళది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన తొలి ఎయిర్ బ్రేకులో గొట్టం తెగితే ఇక బ్రేకే ఉండేది కాదు. 1872లో ఆయనే ఆ పద్ధతిని తిరగేసి, గొట్టంలో ఒత్తిడి పడిపోతే బ్రేకు దానంతటదే పడేలా మార్చాడు.

సగం గాలితో బయలుదేరితే స్ప్రింగు పూర్తిగా అణగక షూలు డ్రమ్మును రాసుకుంటూ పోతాయి, లైనింగు మాడిపోతుంది. పైగా పెడల్ తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి కొంత ఖర్చవుతుంది. కాలువ గట్ల మీద ఇది తెలియకపోవచ్చు గాని, మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు మాటిమాటికీ బ్రేకు తొక్కేవారికి బాగా తెలిసివస్తుంది. అక్కడ తక్కువ గేరులో దిగడమే మేలు.

రాత్రికి రాత్రి గాలి మీటరు ముల్లు కొద్దిగా దిగడం మామూలే, పూర్తిగా సున్నాకు రావడం మాత్రం లీకే. బండి నిండుగా గాలి పట్టాక చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఇంజను ఆపి, పంక్చరు చూసినట్టే గొట్టాల జాయింట్లకు సబ్బు నురగ పూయండి. బుడగ లేచిన చోటే లోపం ఉంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కనుక ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. డ్రెయిన్ వాల్వు తిప్పి దాన్ని వదిలేయాలి. పాలలాంటి తెల్లటి జిడ్డు నీరు వస్తే కంప్రెసర్ ఆయిల్ కలుస్తోందని అర్థం. స్ప్రింగు చాంబరును మాత్రం మీరుగాని, డ్రైవరుగాని విప్పకండి, లోపల అణిగి ఉన్న స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణం పోతుంది.