పాత దారుణాలు చదివితే పగ పెరుగుతుందా?

"పాత గాయాలు కెలికితే పగ పెరగడం తప్ప లాభమేంటి?" అని అడిగారు. నేను నల్లగొండ జిల్లాలో సోషల్ టీచర్ని. మీ అనుమానం ఉత్తదేం కాదు, సగమే చదివితే నిజంగా పగే పెరుగుతుంది.

మా దిక్కు రజాకార్ల (నిజాం కొమ్ము కాసిన సాయుధ దళం) సంగతి తెలియని ఇల్లుండదు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి బురుజు కాడ వాళ్లు ఊరివాళ్లను ఎట్లా చంపారో పిల్లలు కూడా చెప్తారు. అదే నెలలో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో విలీనం కావాలని రాసిన పాపానికి ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను కాల్చి, చెయ్యి నరికి చంపేశారని చెప్పేవాళ్లు తక్కువ. సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది (దాన్నే పోలీస్ యాక్షన్ అంటారు), నిజాం లొంగిపోయాడు. చాలామందికి కథ అక్కడ ముగుస్తుంది. ఆ తర్వాత పల్లెల్లో ముస్లింలకు ఏమైందో నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని అంచనా. నల్లగొండ, మెదక్, ఔరంగాబాద్, బీడ్ జిల్లాల్లోనే కనీసం 5 వేలు. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లలను ఇంట్లో ముసలివాళ్లను అడిగి రాసుకు రమ్మన్నాను. అందరూ రజాకార్ల మీదే రాశారు. పద్మశాలి ఇంటి పిల్ల ఒకతి మాత్రం వేరే రాసింది. నమ్మబుద్ధి కాక వాళ్ల అవ్వ దగ్గరికే వెళ్లాను. పోలీస్ యాక్షన్ అయినంక కర్రలు పట్టుకుని మంది వస్తే, అవ్వ వాళ్ల నాయిన పక్కింటి దూదేకులాయన్ను (వాళ్లూ ముస్లింలే) మగ్గం గుంటలోకి దింపాడట. ఆయన వీపు మీదే కాళ్లు పెట్టి, ఉత్తగ నాడె ఆడించుకుంటూ కూర్చున్నాడట. "వచ్చినోళ్లల్ల నేత తెల్సినోడు ఒక్కడున్నా దొరికిపోతుండె బిడ్డా" అని అవ్వ నవ్వింది. గుంటలో కాళ్లతో తొక్కందే మగ్గం ఆడుతుందే గానీ బట్ట పెరగదు కదా!

వాళ్లకు ఆ ఇల్లు ఎట్లా తెలిసిందని అడిగాను. నవ్వు ఆగిపోయింది. "ఊరోడే చూపిచ్చిండు." పేరు చెప్పలేదు.

చదువుతుంటే నాకు పట్టుకున్నది ఇదే. బయటినుంచి వచ్చినవాడికి ఎవరి ఇల్లేదో తెలియదు. గడీ మనుషులు వచ్చినా, రజాకార్లు వచ్చినా, తర్వాత ఈ మంది వచ్చినా, వేలు పెట్టి చూపించడానికి లోపలివాడు ఒకడు కావాలి. అడ్డం పడేవాడూ లోపలివాడే. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ప్రాణాలు పోగొట్టుకుని మరీ ముస్లిం నేతగాళ్లను కాపాడారని కమిటీ కూడా రాసింది. అంత పెద్ద రాజకీయం మన చేతుల్లో లేకపోయినా, ఆ వేలు మనదే.

మీ పిల్లలతో ఈ పని చేయిస్తే ఎవరిని చంపారన్నదే కాక, ఎవరు దాచారు, ఇల్లు ఎవరు చూపించారు అని కూడా అడిగించండి. మూడోదానికి చాలా ఇళ్లల్లో జవాబు రాదు. వచ్చినా పేర్లు క్లాసులో చదవనివ్వకండి; వాళ్ల మునిమనవలు అదే బెంచీ మీద కూర్చుని ఉంటారు.