రొయ్యల గుంట పక్కన బోరు ఉప్పగా మారితే...

సందేహం: మాది విడవలూరు మండలంలో తీరానికి దగ్గరి పల్లె. మా ఇంటి వెనక పొలం లీజుకు తీసుకుని ఒకాయన రొయ్యల గుంటలు తవ్వించాడు. రెండు నెలలుగా మా బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేకపోతున్నాం. అడిగితే "లీజు కట్టాను, నా ఇష్టం" అంటున్నాడు. కేసు వేయొచ్చా సార్?

జవాబు: వేయొచ్చమ్మా. లీజు కట్టినంత మాత్రాన పక్కవాళ్ల నీళ్లు పాడుచేసే హక్కు ఎవరికీ రాదు. మన భూమిలోకి సహజంగా ఊరే నీటిని ఇతరులు అడ్డగోలుగా కలుషితం చేయకూడదని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టమే చెప్పింది. 1974 నీటి కాలుష్య చట్టం భూగర్భ జలాలకూ వర్తిస్తుంది. తీరంలో రొయ్యల సాగుకు 2005 చట్టం కింద కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ గుంటలకు అది ఉందో లేదో మత్స్యశాఖలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెలుసుకోండి.

అసలు కష్టమంతా రుజువు దగ్గరే. "అది సముద్రపు ఉప్పు, అందరూ బోర్లు తోడేస్తుంటే వచ్చింది" అని అవతలి లాయరు అంటాడు. మన తీరంలో ఆ మాట కొట్టిపారేయలేం. అందుకే మీ బోరుతో పాటు గుంటలకు దూరంగా ఉన్న ఒక బోరు, సముద్రం వైపున్న మరో బోరు నీళ్లు కూడా ఒకే రోజు పట్టించండి. పంచాయతీ కార్యదర్శిని పక్కన ఉండమని అడిగి, సీసాల మీద తేదీ, సంతకం వేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) పరీక్ష చేయించండి. తాగే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడైనా 1000 మించకూడదు. సముద్రం వైపు బోరు తియ్యగా ఉండి మీది ఉప్పగా ఉంటే ఆయన వాదనకు బలం పోతుంది. మీ సెప్టిక్ ట్యాంకు బోరును ఆనుకుని ఉంటే ముందే మార్పించండి, ఆ వంక కూడా దొరకనివ్వొద్దు.

రిపోర్టు రాగానే కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పని జరక్కపోతే పర్యావరణ కేసులు విచారించే గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నైలో ఉంది. అక్కడ గడువు ఆరు నెలలే, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. నష్టపరిహారానికైతే అయిదేళ్లు. పెద్దమనుషుల పంచాయితీల్లో, "ఈ పంట పట్టేదాకా ఆగండి" అనే మాటల్లో ఆ ఆరు నెలలు కరిగిపోవడం చాలా చూశాను. మీకిప్పటికే రెండు పోయాయి.

ఈలోగా టెన్షన్‌తో ఇంకా లోతుకు బోరు వేయించకండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, పైగా గట్టిగా తోడేకొద్దీ ఉప్పు మీ వైపే లాగుతుంది. వాడకం తగ్గించి, ఇంటి కప్పు మీద పడే వాననీటిని బోరు దగ్గర ఇంకుడు గుంతలోకి మళ్లించండి.