గుంటగలగరాకును ఎలా గుర్తుపట్టాలి? కుండీలో పెంచుకోవచ్చా?

ఫొటోలు చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయని, తలనూనె కాచుకోవడానికి ఇంట్లోనే పెంచాలనుకుంటున్నానని అడిగారు కదా. ముందు ఆ ఫొటోలు పక్కన పెట్టేయండి. ఒక ఆకు తుంపి అరచేతిలో గట్టిగా నలిపి కాసేపు ఆగండి. రసం నల్లగా తిరిగితే గుంటగలగర, తిరగకపోతే కాదు.

ఇది నాకు మా అమ్మమ్మ నేర్పింది. నాలుగేళ్ల కిందట ఆవిడ హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, నూనె కాయించుకుందామని మార్కెట్లో రెండు కట్టలు కొనుక్కొచ్చాను. అమ్మమ్మ కట్ట విప్పకుండానే ఒక ఆకు లాగి నలిపి, చెయ్యి నా ముందు పెట్టి "చూస్తూ ఉండు" అంది. ఎంతసేపు చూసినా పచ్చగానే ఉంది. "ఇది పలకాకే అమ్మాయ్, మీ అమ్మ చిన్నప్పుడు దీంతోనే పలక తుడుచుకునేది" అంది. అంటే గడ్డిచామంతి. దాని పువ్వు జానెడు కాడ చివర ఒంటిగా నిలబడుతుంది, మధ్యలో పసుపు, ఆకు అంచు రంపంలా ఉంటుంది.

ఆ సంక్రాంతికి కోనసీమ వెళ్తే పంటకాలువ గట్టుకి తీసుకెళ్లి అసలుది చూపించింది. కాడ కాస్త ఎరుపు, ముట్టుకుంటే గరుకు, ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయి, తొడిమ దాదాపు లేదు. పువ్వు తెల్లగా, చిటికెన వేలి గోరంత. తుంపిన కాడ చివర మేం ఇంటికి చేరేలోపే నల్లబడింది. నా వేళ్లకైన మరక ఎంత తోమినా పోలేదు, అలాగే ఆఫీసుకి వెళ్లాను. ఈ రసంలో గుడ్డ తడిపి, ఆరబెట్టి, వత్తి చేసి ఆముదంతో వెలిగించి ఆ మసితోనే మా అమ్మకి కాటుక పెట్టేదట.

ఇంకో మొక్కతో కూడా జాగ్రత్త. డివైడర్ల మీద దట్టంగా పాకి పసుపు పూలు పూసేదాన్ని ఒక నర్సరీలో గుంటగలగరని చెప్పి నాకు అంటగట్టబోయారు. పసుపు పూల గుంటగలగర అని ఆయుర్వేదంలో వాడేది వేరే ఉంది, ఈ డివైడర్ మొక్క మాత్రం అది కాదు.

పెంచడం చాలా తేలిక, వరి పొలంలో ఇది కలుపు మొక్కే కదా. తడి, ఎండ రెండూ ఉండాలి. కణుపులున్న కాడ తెచ్చి వెడల్పాటి టబ్బులో తడి మట్టి మీద పడుకోబెడితే కణుపుల దగ్గర వేళ్లు వస్తాయి. గింజలు చల్లితే పైన మట్టి కప్పొద్దు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. అసలు ఇంట్లోనే పెంచుకోమని నేను గట్టిగా చెప్పేది ఎందుకంటే, అమ్మమ్మ చూపించిన ఆ గట్టు మీద ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు. పోయినసారి వెళ్తే గట్టంతా మాడిపోయి ఉంది, నాకు ఏడుపొచ్చింది. ఒకప్పుడు పచ్చడి చేసుకు తిన్న ఆకు అది! మురుగు కాలువల పక్కన పెరిగింది కూడా కోయకండి.

తెల్ల జుట్టు నల్లబడుతుందనే మాట నమ్మకండి, అమ్మమ్మ జుట్టు తెల్లబడింది. కానీ ఒత్తు తగ్గలేదు, నాకూ జుట్టు రాలడం తగ్గింది, అది ఈ నూనె వల్లేనో కాదో కచ్చితంగా చెప్పలేను. ఆకు దంచి రసం పిండి, రసం ఎంతుంటే అంత నువ్వుల నూనెలో పోసి సన్నటి సెగ మీద కాచండి. చిటపటలు ఆగాక వత్తి ముంచి వెలిగించి చూడండి, చప్పుడు లేకుండా వెలిగితే నీరంతా ఇంకినట్టు. చప్పుడు చేస్తే ఇంకాసేపు కాచండి, లేకపోతే నూనె పాడవుతుంది. పూర్తిగా చల్లారేదాకా మూత పెట్టకండి, ఆవిరి మళ్లీ నీరై అందులోనే పడుతుంది.