జాబితాలో మొదటి పేరు

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

పంచాయతీరాజ్‌లో అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఏఈఈ)గా చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పోస్టింగ్ మన జిల్లాలోనే అనేసరికి సంతోషంతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది. ఇక్కడి కాంట్రాక్టర్లలో నిన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాళ్లు ఎంతమందో!

చేరిన వారంలోనే ఒక కాగితం రాయి. మనవాళ్లలో ఎవరికి కాంట్రాక్టు లైసెన్సు ఉంది, ఎవరు కంకర, ఇసుక, సిమెంటు తోలుతున్నారు, అన్నీ రాసి మీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) గారికి ఇవ్వు. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని కాపీ దాచుకో. ఏఈ, ఏఈఈ మొదలు పై ఇంజినీర్ల దగ్గరి బంధువులు వాళ్లు పనిచేసేచోట టెండర్ వేయకూడదని షరతుల్లోనే ఉంటుంది. కానీ బినామీ పేరు మీద వేస్తే ఆ షరతుకు దొరకరు. నాకు దెబ్బ తగిలింది అక్కడే.

డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈఈ)గా ఉండగా ఒక ఊళ్లో సీసీ రోడ్డు చెక్ మెజర్‌మెంట్‌కి, అంటే కొలతలు సరిచూడ్డానికి వెళ్లాను. అగ్రిమెంటులో పేరు ఎవరిదో. క్యూరింగ్‌కి నీళ్లు పడుతున్న ట్యాంకర్ మాత్రం మీ పెద్దమ్మ తమ్ముడిది. అంచున టేపు పెడితే 15 సెంటీమీటర్లు ఉండాల్సిన మందం 12 ఉంది. ఉన్నదే కొలతల పుస్తకం (ఎం-బుక్)లో రాసి బిల్లు కోశాను. ఇంట్లో ఆర్నెల్లు మాటల్లేవు. అయినా తప్పు నాదే. ట్యాంకర్ కనబడగానే టేపు చుట్టేసి, ఈ పని నేను చూడకూడదని ఈఈకి రాయాల్సింది. తర్వాత ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విచారణకు వచ్చిన అధికారి ఒక్కటే అడిగాడు, "మీ బావమరిది పనని తెలిసి పైకి ఎందుకు చెప్పలేదు?" అని. నా దగ్గర జవాబు లేదు.

ఇరవై లక్షల రోడ్డును నాలుగు ముక్కలు చేసి, టెండర్ లేకుండా నామినేషన్ మీద ఇప్పించమంటారు. ఒప్పుకోకు. ఒకే రోడ్డుకి ఒకే ఎస్టిమేట్ వెయ్యి.

ఒకప్పుడు టెండర్ బాక్సు దగ్గర మనుషుల్ని నిలబెట్టి వేరేవాళ్లను షెడ్యూళ్లు వేయనిచ్చేవాళ్లు కాదు. ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక ఆ బాధ తప్పింది. కానీ ఆన్‌లైన్ కదా అని నిశ్చింతగా ఉండకు. ఇప్పుడు షరతులు రాసేచోటే పని కానిచ్చేస్తారు. ఫలానా మిషన్ సొంతంగా ఉండాలి, ప్లాంటు ఇన్ని కిలోమీటర్ల లోపే ఉండాలి అని కొత్తగా ఏదైనా చేర్చమంటే, ఈ పనికి అది నిజంగా కావాలా, జిల్లాలో ఎంతమందికి ఆ అర్హత ఉంది అని లెక్క తియ్యి. ఒక్కడే తేలితే ఆ మాటే నోట్ ఫైల్లో రాసి పైకి పంపు.

పెళ్లిళ్లలో బిల్లుల సంగతి ఎత్తితే, "బాబాయ్, సోమవారం ఆఫీసుకు రండి" అను. కోపం వస్తే రానీ.

ఇంకో సంగతి. మీ అన్నయ్య పోయిన నెల టౌన్లో రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంటులో చేరాడు. నీ కాగితంలో మొదటి పేరు వాడిదే రాయి. రాస్తావని వాడికి నేనే చెప్పాను.

ఇట్లు,
పెదనాన్న