రెజ్యూమేలో ‘గింప్’ అని రాస్తే చులకన అవుతారా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. డిజైనింగ్ అంటే ప్రాణం. ఫోటోషాప్‌కు నెలనెలా డబ్బు కట్టే స్తోమత మాకు లేక, ఉచితంగా దొరికే గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద మూడేళ్లుగా పని నేర్చుకుంది. మొన్న హైదరాబాదులో ఒక ప్రకటనల సంస్థ ఇంటర్వ్యూకు వెళితే, రెజ్యూమే చూసినాయన ‘గింప్ ఏమిటి? ఫోటోషాప్ రాదా?’ అని అడిగి పక్కన పెట్టేశారట. అమెరికాలో ఉన్న మా మేనల్లుడేమో, ఆ పేరు అక్కడ వికలాంగులను కించపరిచే మాట, రెజ్యూమేలోంచి తీసేయమంటున్నాడు. పేరు బాగాలేనందుకు మూడేళ్ల కష్టం వృథా అయినట్టేనా? అప్పు చేసైనా ఫోటోషాప్ కోర్సులో చేర్పించాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మూడేళ్ల కష్టం వృథా కాలేదు. ఆ మాట ముందు చెప్పి మిగతా విషయంలోకి వెళతాను. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు ఇబ్బందులు ఒకే ముడిగా పడి ఉన్నాయి. హైదరాబాదులో ఎదురైనది ఆ పేరు తెలియకపోవడం వల్ల వచ్చిన చిక్కు. మీ మేనల్లుడు చెబుతున్నది ఆ పేరుకు అర్థం తెలిసినవారి దగ్గర వచ్చే చిక్కు. రెండూ నిజమైనవే కానీ, రెండింటికీ మందు ఒకటి కాదు.

మీ మేనల్లుడు చెప్పింది తీసిపారేయవలసిన మాట కాదు. 1995లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు చదువులో భాగంగా ఈ ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టారు. జనరల్ ఇమేజ్ మ్యానిప్యులేషన్ ప్రోగ్రామ్ అన్న పేరులోని తొలి అక్షరాలు కలిస్తే వచ్చిన మాటే గింప్. తర్వాత జనరల్ స్థానంలో గ్నూ అన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పేరు వచ్చి చేరింది, పొట్టి పేరు మాత్రం అదే మిగిలింది. మన చెవికి ఏ అర్థమూ తట్టని ఈ మాట, ఇంగ్లీషులో కాలు ఈడ్చి నడిచేవారిని ఎగతాళి చేసే మాట. దానికి మరో అసభ్యమైన అర్థం కూడా ఉంది. కాలు సరిగా లేని పిల్లవాడు కూర్చున్న తరగతిలో ఉపాధ్యాయుడు ‘ఇప్పుడు గింప్ తెరవండి’ అనవలసి వస్తే ఎంత ఇబ్బందో ఊహించండి. ఆ బాధను ‘పేరులో ఏముంది’ అని కొట్టివేయడం నాకు న్యాయంగా తోచదు.

ఈ కారణంతోనే 2019లో కొందరు అదే ప్రోగ్రాంను గ్లింప్స్ అన్న కొత్త పేరుతో విడుదల చేశారు. బడులలోను, కార్యాలయాలలోను పాత పేరే అడ్డుపడుతోందన్నది వారి వాదన. అయితే పని పంచుకునే చేతులు చాలక 2021లో ఆ ప్రయత్నం ఆగిపోయింది. అసలు గింప్ బృందం పేరు మార్చలేదు, ప్రోగ్రాంను మెరుగుపరుస్తూనే వచ్చి 2025 మార్చిలో 3.0 వెర్షన్‌ను తెచ్చింది. దీన్నిబట్టి నాకు అర్థమైనది ఏమంటే, చెడ్డ పేరు కొన్ని తలుపులు మూయిస్తుంది గానీ, మంచి పేరు ఒక్కటే ఏ పనిముట్టునూ నిలబెట్టదు.

పేరు మార్చుకుని నిలదొక్కుకున్నవారు కూడా ఉన్నారు. గణిత నిరూపణలను కంప్యూటర్ చేత సరిచూపించే ఒక ఫ్రెంచి సాఫ్ట్‌వేర్‌కు దశాబ్దాలుగా కాక్ అన్న పేరుండేది. ఫ్రెంచిలో అది కోడిపుంజు. ఇంగ్లీషువారి చెవికి బూతు. 2013లో కంప్యూటర్ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘమైన ఏసీఎం సాఫ్ట్‌వేర్ రంగంలో ఇచ్చే పెద్ద పురస్కారం అందుకున్నాక కూడా, ముఖ్యంగా మహిళా పరిశోధకులకు ఆ పేరు పలకడం ఇబ్బందిగానే మిగిలింది. చివరకు దానిని రాక్ అని మార్చారు. అంతటి గౌరవం సంపాదించిన పనిముట్టుకే పేరు భారమైందంటే, మీ అమ్మాయికి కలిగిన సంకోచం అర్థం లేనిదేమీ కాదు.

ఇక రెండో వైపు చూడండి. మాదాపూర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడుగుపెట్టినా వినిపించే గిట్ అన్న మాట (ప్రోగ్రాంలలో ఎవరు ఏ మార్పు చేశారో దాచిపెట్టే పనిముట్టు పేరు) బ్రిటిష్ వాడుకలో ఒక తిట్టు. 2005లో దాన్ని తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ ఆ పేరు పెట్టారు. ఈనాడు రెజ్యూమేలో గిట్ లేకపోతేనే ఇంటర్వ్యూ చేసేవారు అడుగుతారు. గింప్ సృష్టించిన ఆ ఇద్దరే తర్వాత 2015లో మరొకరితో కలిసి ఒక డేటాబేస్ కంపెనీ పెట్టి, ఎన్ని దెబ్బలు తగిలినా చావనిదన్న అర్థంలో దానికి బొద్దింక పేరు పెట్టారు. కాక్‌రోచ్ డీబీ అన్న ఆ పేరు వినగానే చాలామంది ముఖం చిట్లించారు. అయినా పెద్ద సంస్థలు దానిని నమ్మి తమ సమాచారాన్ని అప్పగించాయి. వస్తువు కొత్తగా ఉన్నంతకాలం పేరు వినబడుతుంది, అది లేకుండా పని జరగని రోజు వచ్చాక పేరులోని అర్థం ఎవరికీ వినబడదు. అయితే గింప్‌కు ఆ స్థానం సంపాదించి పెట్టడం ఇరవై ఏళ్ల అమ్మాయి బాధ్యత కాదు. ఆమె రెజ్యూమేను చూసేవారు దాని మీద పెట్టేది అర నిమిషం, ఆమె ఆలోచించవలసింది ఆ అర నిమిషం గురించే.

హైదరాబాదులో ఆయన అడిగిన ప్రశ్నలో అవమానం కన్నా అవసరం ఎక్కువగా ఉందని నా నమ్మకం. ప్రకటనల సంస్థలో ఒకరు మొదలుపెట్టిన ఫైలును మర్నాడు మరొకరు అందుకుంటారు. ఆ ఫైలు ఫోటోషాప్ సొంత పద్ధతైన పీఎస్‌డీ రూపంలో ఉంటుంది, అందులోని లేయర్లు, అంటే బొమ్మలోని పొరలు, చెదరకుండా తెరుచుకోవాలి, ప్రెస్సుకు వెళ్లేటప్పుడు రంగులు నాలుగు సిరాల సీఎంవైకే పద్ధతిలో ఉండాలి. గింప్ ప్రధానంగా తెర మీది ఆర్‌జీబీ రంగులలోనే పని చేస్తుంది. కొత్త వెర్షన్‌లో కొన్ని రకాల ఫైళ్లను సీఎంవైకేలో భద్రపరచవచ్చు, పీఎస్‌డీలను కూడా తెరవవచ్చు, కానీ అసలు బొమ్మ చెడకుండా మార్పులు చేయనిచ్చే ఫోటోషాప్ స్మార్ట్ ఆబ్జెక్టుల వంటివి అందులో అలాగే పని చేయవు. పేరుతో సంబంధం లేని ఈ లోటు మాత్రం నిజమైన లోటు, దీనిని పూడ్చుకోవాలి.

దానికి అప్పు చేయవద్దు. లేయర్లు, మాస్కులు, కర్వ్‌లు, క్లోన్ టూల్ మూడేళ్లు వాడిన చేతికి ఫోటోషాప్ కొత్త విద్య కాదు, మెనూలు, షార్ట్‌కట్‌లు మారతాయంతే. బ్రౌజర్‌లోనే ఉచితంగా పనిచేసే ఫోటోపీ దాదాపు ఫోటోషాప్ అమరికతోనే ఉంటుంది. ముందు రెండు వారాలు దాని మీద అలవాటు చేసుకుని, ఆ తర్వాత అడోబీ ఇచ్చే ఏడు రోజుల ఉచిత ట్రయల్‌ను పరీక్షలూ పండుగలూ లేని వారం చూసి తీసుకోమనండి. మీ ఊళ్లో ఫ్లెక్సీలు, పెళ్లి శుభలేఖలు వేసే డీటీపీ సెంటరులో ఒక నెల సాయంత్రాలు కూర్చుంటే ప్రెస్సుకు ఫైలు ఎలా పంపాలో కూడా తెలుస్తుంది. ఏ కోర్సులోనూ ఇంత త్వరగా నేర్పరు.

రెజ్యూమేలో గింప్‌ను దాచవద్దు, రాని ఫోటోషాప్‌ను వచ్చని రాయవద్దు. మార్చవలసింది వరుస. ‘నైపుణ్యాలు: గింప్’ అన్న ఒంటరి మాటకు బదులు, ఆ ట్రయల్ వారం పూర్తయ్యాక ఇలా రాయమనండి: ‘ఫోటో రీటచింగ్, తెలుగు పోస్టర్ డిజైన్ – గ్నూ ఇమేజ్ మ్యానిప్యులేషన్ ప్రోగ్రామ్‌లో మూడేళ్ల అనుభవం, ఫోటోషాప్‌తో ప్రాథమిక పరిచయం’. ముందు పని కనబడుతుంది, తర్వాత పనిముట్టు. పూర్తి పేరు రాయడం వల్ల ఇక్కడివారికి అదేమిటో తెలుస్తుంది, అమెరికా వంటి చోట్ల ఎవరి మనసూ నొచ్చుకోదు. అది అబద్ధమూ కాదు, దాని పూర్తి పేరే అది.

ఇంటర్వ్యూకు ఆమె తప్పక తీసుకువెళ్లవలసినది మరొకటి ఉంది. పాత ఫోటోషాప్‌లలో సెట్టింగు మార్చకుండా యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో అంతటా వాడే పద్ధతి) టైపు చేస్తే ‘స్త్రీ’ అన్న అక్షరం విడిపోయి, సకారం ఒకచోట, తకారం ఒకచోట, రకారం ఇంకొకచోట పడేవి. అందుకే మన డిజైనర్లు యూనికోడ్ కాని అను ఫాంట్ల వంటి వేరే దారులు పట్టారు. గింప్‌లో ఆ ఒత్తులు కుదురుగా వాటి స్థానాలలోనే కూర్చుంటాయి. మూడేళ్లుగా యూనికోడ్ తెలుగుతో పోస్టర్లు చేసిన అమ్మాయికి అక్షరం ఎక్కడ విరుగుతుందో, ఏ ఫాంటులో ఒత్తు పై వరుసను తాకుతుందో కంటికి తెలుస్తుంది. తెలుగు ప్రకటనలు చేసే సంస్థకు ఆ కన్ను కావాలి. పాడైన పాత ఫోటో ఒకటి, దానిని బాగుచేశాక ఒకటి, ఒత్తులు నిండుగా ఉన్న తెలుగు పోస్టరు ఒకటి – ఈ మూడింటినీ ఏ4 కాగితాల మీద ముద్రించి ఫైలులో పెట్టుకోమనండి. ‘గింప్ ఏమిటి?’ అని మళ్లీ ఎవరైనా అడిగితే, ఒక్క వాక్యంలో చెప్పి ఆ కాగితాలు బల్ల మీద పరచమనండి.