అమ్మ రిపోర్టులో ఆ 57 గురించి

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు వణికింది. "మావయ్యా, అమ్మకి క్రియాటినిన్ 1.1, నార్మల్ అని ఉంది. కింద ఈజీఎఫ్ఆర్ మాత్రం 57 అని ఎర్రగా కొట్టారు. డయాలసిస్ దాకా పోతుందా?" అన్నావు. అప్పుడు సగమే చెప్పగలిగాను. ముప్పై ఏళ్లు ల్యాబులో ఇవే అంకెలు రాసిచ్చినవాణ్ణి కాబట్టి మిగతాది నిదానంగా రాస్తున్నాను.

ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల చిన్న చిన్న రక్తనాళాల ఉండలుంటాయి. రక్తం ఒత్తిడితో వాటిలోకి వచ్చినప్పుడు నీరు, ఉప్పులు, చక్కెర, వ్యర్థాలు వడకట్టుకుని కిందికి దిగుతాయి. రక్తకణాలు, ప్రోటీన్లు పైనే ఆగిపోతాయి. అలా రోజుకి 180 లీటర్లు వడపోస్తే మూత్రంగా బయటికొచ్చేది లీటరున్నర! మిగతాదంతా కిడ్నీ గొట్టాలు మళ్లీ రక్తంలోకి పీల్చుకుంటాయి. రక్తంలో ఉండే ద్రవం మూడు లీటర్లే కదా, అదే రోజుకి అరవైసార్లు వడపోతకి వెళ్లి వస్తుందన్నమాట. ఇన్నేళ్లయినా ఈ లెక్క నాకు అబ్బురమే.

ఈజీఎఫ్ఆర్ అంటే ఈ వడపోత వేగం అంచనా. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకట్టాయన్నదే ఆ 57. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకి 90 నుంచి 120 ఉంటుంది. దాన్ని నేరుగా కొలవరు. క్రియాటినిన్, వయసు, ఆడా మగా చూసి లెక్కగడతారు. క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం. కండ తక్కువున్నవాళ్లకి అది తక్కువే తయారవుతుంది కాబట్టి, కిడ్నీ మందగించినా అంకె నార్మల్‌గానే కనబడొచ్చు. అందుకే అదే 1.1 పాతికేళ్ల కుర్రాడికి వస్తే వడపోత 95 దాకా ఉంటుంది, అరవై రెండేళ్ల మీ అమ్మకి 57. క్రియాటినిన్ పక్కన "నార్మల్" అని ఉందని ఊరుకోకూడదురా. మీ తాతయ్య ఎముకల గూడులా ఉండేవారు. ఆయనకి 1.3 వస్తే పరవాలేదన్నారు, నేనూ నమ్మాను. ఆ రోజుల్లో ఈ లెక్క కట్టి ఇచ్చేవారు కాదు. ఆ బాధ నాకింకా ఉంది.

అలాగని ఒక్క రిపోర్టుతో జబ్బు అనెయ్యకూడదు. 60 కంటే తక్కువగా మూడు నెలలు నిలిచి ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బంటారు. 45 నుంచి 59 మధ్య ఉంటే కాపాడుకోవడానికి చాలా వీలుంది. డయాలసిస్ మాట సాధారణంగా 15 కిందకి పడిపోయాక వస్తుంది. విరేచనాలయినా, ఎండలో తిరిగి నీళ్లు తాగకపోయినా అంకె తాత్కాలికంగా పడిపోవచ్చు. ఎక్కువుంటే మంచిదే అని కూడా అనుకోకు. షుగరు మొదలైన కొత్తలో కిడ్నీలు అవసరానికి మించి వడకట్టి అలసిపోతాయి.

నాకు అన్నిటికంటే అనుమానం మోకాళ్ల నొప్పుల బిళ్లల మీదే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటుంది కదా, ఆ స్ట్రిప్పు తిప్పి పేరు చూడు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వడపోతకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. వాటిని ఆపించి డాక్టరుకి చెప్పు. బీపీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

మళ్లీ పరీక్షకి అదే ల్యాబుకి తీసుకెళ్లు. ముందు రోజు రాత్రి మాంసం వద్దు, నీళ్లు మామూలుగానే తాగనియ్. పొద్దున్నే మొదటి మూత్రం పట్టి ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించు. ఆల్బుమిన్ అంటే రక్తంలోని ఒక ప్రోటీను, అది మూత్రంలోకి ఎంత జారుతోందో ఇందులో తెలుస్తుంది. 30 లోపు ఉంటే నయం. 300 దాటితే ఆ వారమే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మూత్రం బాగుంటే చాలనుకోకు. మన ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు షుగరూ బీపీ లేనివాళ్లకి, మూత్రంలో ప్రోటీను పెద్దగా పోనివాళ్లకి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. కారణం ఇంకా తేలలేదు. అందుకే ఇక్కడ రక్తం, మూత్రం రెండూ చూడాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, ఆసుపత్రి తెరిచారు. అవసరమైతే దగ్గరుండి నేనే తీసుకెళ్తాను.

ఇంకొక్క పని చెయ్యి. మీ అమ్మ బీరువాలో పట్టుచీరల కింద పాత రిపోర్టులు దాస్తుంది. రెండేళ్ల క్రితం కంటి ఆపరేషన్‌కి చేసిన రక్తపరీక్ష కాగితం అందులో ఉండాలి. దాని ఫొటో పంపు. అప్పటి క్రియాటినిన్ ఎంతో చూస్తే, ఈ 57 కొత్తగా దిగిందా, ఎప్పటినుంచో అక్కడే ఉందా అన్నది తెలుస్తుంది.

మీ మావయ్య